గిజిగాడి పైముడి

అనగనగా ఒక వాగు. వాగు మీదికి వంగి ఒక నల్లతుమ్మ చెట్టు. ఆ చెట్టుకి కొమ్మ కొమ్మకీ గిజిగాళ్ల గూళ్లు. కాస్త గాలి వీస్తే చాలు, ఊరు ఊరంతా ఉయ్యాల ఊగేది.

ఆ గిజిగాళ్ల ఊళ్లో తృణకుడని ఒకడుండేవాడు. పసుపుపచ్చని తల, గోధుమరంగు రెక్కలు, ఒంటినిండా తొందర. మంచివాడే పాపం. అబద్ధమాడి ఎరగడు, ఇంకొకరి పోగు ముట్టి ఎరగడు. ఏ పనైనా మొదలుపెట్టకముందే అది అయిపోవాలని మాత్రం మహా ఆత్రం. అలాంటివాళ్లు మన ఇళ్లల్లోనూ ఉంటారు. ఎవరని అడక్కండి, నాకు గొడవలొద్దు.

ఇంతకీ గిజిగాళ్ల పెళ్లిచూపుల సంగతి మీకు తెలుసునా? మనలో అయితే పెళ్లికొడుకు వారు వచ్చి, పళ్లెంలో పెట్టినవన్నీ తిని, మూతి తుడుచుకుని, "ఇంటికెళ్లి కబురు చేస్తాం" అని వెళ్లిపోతారు. గిజిగాళ్లలో ఆ పప్పులు ఉడకవు. అక్కడ పరీక్ష మగవాడికి. తొలకరి పడగానే వాడు సగం గూడు అల్లి, దాని కింద వేలాడుతూ, రెక్కలు టపటపలాడిస్తూ, "రండి, చూడండి" అని పిలవాలి. పెళ్లికూతురు వస్తుంది. వాడి మొహం కేసైనా చూడదు. తిన్నగా గూటి మీద వాలి, పైముడిని ముక్కుతో పట్టుకుని మూడుసార్లు గుంజుతుంది. నచ్చితే లోపలికెళ్లి కూచుంటుంది. అదే పెళ్లి. నచ్చకపోతే తుర్రున ఎగిరిపోతుంది. అప్పుడా మగవాడు తన గూటిని తన ముక్కుతోనే పీకి వాగులో పారేసి, మళ్లీ మొదటినుంచీ అల్లుకోవాలి.

మనకి మూడు ముళ్లు. వాళ్లకి ఒక్కటే ముడి. కొమ్మకి గూటిని కట్టే ఆ మొదటి ముడి. దాన్ని అప్పుడే చీల్చిన పచ్చి పోగుతో కట్టాలి. పచ్చిది చెప్పినట్టు వంగుతుంది, ఆరేకొద్దీ బిగుసుకుంటుంది. ఎండిన పోగు వంగినట్టే వంగి లోలోపల చిట్లుతుంది. గూడంతా ఆ ముడికే వేలాడుతుంది కదా, అల్లిక సాగాక దాన్ని విప్పి మళ్లీ కట్టడం ఎవరి తరమూ కాదు.

ఆ ఏడు తొలకరి పడిందో లేదో, తృణకుడు అందరికన్నా ముందు గూడు మొదలెట్టాడు. అందరూ పైముడి కట్టి, ఒక పూట ఆరనిచ్చి, అప్పుడు అల్లడం మొదలెడితే, మనవాడు పొద్దున కట్టి పొద్దున్నే అల్లేశాడు. నాలుగు రోజుల్లో గూడు సిద్ధం. ఒక చిన్నది వచ్చింది, ముడి పట్టుకుంది. ఒకసారి గుంజింది, కదిలింది. రెండోసారి గుంజింది, జారింది. మూడోసారి గుంజనే లేదు.

"గూడా ఇది? ఉట్టేమో అనుకున్నా" అనేసి వెళ్లిపోయింది.

చెట్టంతా కిలకిలా నవ్వింది. తృణకుడికి తల కొట్టేసినట్టయింది. చెట్టు తొర్రలో ఉండే ఉడుతమ్మ మాత్రం నవ్వలేదు. వాడు గుడ్డులో ఉన్ననాటి నుంచీ ఎరిగిన మనిషి మరి.

"ఒరే నాయనా, చేతిలో పని నీదే, కాలమూ నీదే. ఎవరు తరుముతున్నారురా నిన్ను?" అంది.

"ఎవరూ తరమక్కర్లేదు అత్తా, నన్ను నేనే తరుముకుంటాను" అన్నాడు వాడు ఏడుపు మొహంతో. గూడు పీకి వాగులో పారేశాడు.

పక్క కొమ్మ మీద వాచాలుడనే గోరింక ఉండేవాడు. ఆయనకి గూడు అల్లడం రాదు. ఎవరో వదిలేసిన తొర్రలో కాపురం. అల్లిక గురించి సలహాలివ్వడంలో మాత్రం ఆయన్ని మించినవాడు లేడు.

"బావా, నీ గూటికి బలం తక్కువ కాదోయ్, అందం తక్కువ" అన్నాడు వాచాలుడు. "ఈ తుమ్మపూలు చూడు, పచ్చగా ఎంత ముద్దుగా ఉన్నాయో. నాలుగు తెచ్చి వాకిట్లో గుచ్చు. పెళ్లికూతురి కళ్లు వాటిమీదే ఉంటాయి, ముడి మీదికి పోనేపోవు."

తృణకుడికి అదేదో బాగానే ఉందనిపించింది. రెండో గూటికి ముడి వేసిన సేపు ఎంతో, పూలు గుచ్చిన సేపు దానికి పదింతలు. గూడు పెళ్లిపందిరిలా తయారైంది. ఇంకో పెళ్లికూతురు వచ్చింది, పూలు చూసి మురిసింది, వాసన కూడా చూసింది. ఆ తర్వాత తిన్నగా పైకెళ్లి ముడి గుంజింది! ముడి జారింది, పూలు జలజలా రాలి వాగులో పడ్డాయి. ఆమె కూడా ఆ పూల వెనకే చూపు పారేసి, నిట్టూర్చి, వెళ్లిపోయింది.

మళ్లీ పీకుడు, మళ్లీ వాగు పాలు.

ఆషాఢం వెళ్లింది. శ్రావణం సగమైంది. చెట్టుమీద అందరి గూళ్లలోనూ పిల్లల కిచకిచలు మొదలయ్యాయి. తృణకుడి కొమ్మ ఒక్కటే బోసిగా ఉంది. పొద్దున్నే తల్లులు పురుగులు తెచ్చి పిల్లల నోట్లో పెడుతుంటే వాడు అటు తిరిగి కూచునేవాడు. ఇది ఆఖరి గూడు. ఇదీ నచ్చకపోతే మళ్లీ తొలకరి దాకా ఒంటరి బతుకే. వాడికా సంగతి బాగా తెలుసు. తెలిసేకొద్దీ తొందర ఎక్కువైంది, వాడి జబ్బే అది.

ఈసారి సరిగ్గా కడదామనే అనుకున్నాడు, పాపం. కానీ గట్టున ఉన్న గడ్డంతా గేదెలు మేసేశాయి. మంచి పచ్చి ఆకు కావాలంటే మూడు పొలాలు దాటి చెరుకు తోటకి పోవాలి. ముసురు పట్టి ఉంది. నీళ్ల మీదికి చాచిన మంచి కొమ్మ, పాములు చేరలేని కొమ్మ, ఒక్కటే మిగిలింది. దాని మీద ఇంకో కుర్ర గిజిగాడు కన్నేసి ఉన్నాడు. తృణకుడు వానలో తడుస్తూ రెండుసార్లు చెరుకు తోటకి వెళ్లి రెండు పోగులు తెచ్చాడు. ముడి నిలవాలంటే మూడో పోగు కూడా కావాలి. కుర్రవాడేమో కొమ్మ చుట్టూ తిరుగుతున్నాడు.

అప్పుడు కనిపించింది, తుమ్మముల్లుకి చిక్కుకుని, తన రెండో గూటి తాలూకు పాత పోగు ఒకటి.

"మూడింటిలో ఒకటే కదా" అనుకున్నాడు. చటుక్కున లాగి, రెండు పచ్చి పోగుల మధ్య పెట్టి, ముడి వేసేశాడు.

ఆ తర్వాత పది రోజులు వాడు అల్లిన అల్లిక ఉందే, అబ్బో! ఆ చెట్టు పుట్టినప్పటి నుంచీ అలాంటి గూడు వేలాడలేదు. ఒక్కో పోగూ లెక్కగా, నున్నగా, నీటిబొట్టు నిలవకుండా అల్లాడు. కానీ పైముడి దగ్గరికి వచ్చేసరికి వాడి కళ్లు పక్కకి తిరిగేవి. గిజిగాళ్లు గూడు గాలికి మరీ ఊగకుండా లోపల తడిమట్టి ముద్దలు అంటిస్తారు. తృణకుడు ఒక ముద్ద ఎక్కువ తెచ్చాడు. దాన్ని లోపల అంటించలేదు. ఏ గిజిగాడూ అంటించని చోట, పైముడి మీద అంటించాడు. ఆరాక అది రాయిలా గట్టిపడింది.

వాచాలుడు కన్ను గీటాడు. "ఇదీ తెలివంటే!" అన్నాడు. ఆ మెప్పు వినగానే తృణకుడికి ఎందుకో ఒళ్లంతా చేదైంది.

ఇలా ఉండగా ఒకనాటి ఉదయం దూర్వ అనే ఆడపక్షి ఆ చెట్టు మీద వాలింది. ఆమె వెంట అక్కలు లేరు, చుట్టాలు లేరు. కిందటేడు ఆమె గూడు పైముడి తెగి వాగులో పడింది. లోపల మూడు గుడ్లు. అప్పటి మొగుడు "గట్టిగానే ఉందిలే" అంటూనే ఉన్నాడట. గూడు పడ్డాక ఎటో ఎగిరిపోయాడట. అప్పటి నుంచీ ఆమె ఊరూరా గూళ్లు చూస్తూ, ఒక్కదాన్నీ నమ్మలేక తిరుగుతోంది.

తృణకుడు గూటి కింద వేలాడి రెక్కలు ఆడించాడు.

దూర్వ ముడి మీద వాలింది. ఒకసారి గుంజింది. కదల్లేదు. రెండోసారి గుంజింది. కదల్లేదు. కళ్లు మూసుకుని, ఉన్న బలమంతా పెట్టి మూడోసారి గుంజింది. మట్టి రాయిలా పట్టుకుని ఉంది, కదల్లేదు.

ఆమె నెమ్మదిగా లోపలికి వెళ్లింది. ఇటు తిరిగి చూసింది, అటు తిరిగి చూసింది. రెక్కలు ముడుచుకుని కూచుంది.

"బాగుంది. ఇక్కడ పిల్లల్ని పెట్టుకోవచ్చు. నేనుంటాను" అంది.

చెట్టంతా ఒక్కసారి కువకువలాడింది. ఉడుతమ్మ తోక ఎత్తి గెంతులేసింది. "నా తండ్రే! ఓ ఇంటివాడివయ్యావురా!" అంది. తృణకుడికి ఏ మాట కోసం మూడు నెలలు ఎదురుచూశాడో ఆ మాట దొరికింది. దొరికింది కానీ లోపలికి దిగడం లేదు. "పిల్లల్ని పెట్టుకోవచ్చు" అన్న మాట దానికి అడ్డం పడింది.

వాచాలుడు దగ్గరికి జరిగి గుసగుసలాడాడు. "నోరు మూసుకో బావా. అయిపోయిన పెళ్లి చెడగొట్టుకోకు. ఆ ముడి తెగుతుందని ఎవరు చూశారు? రెండు పోగులు గట్టివే కదా?"

తృణకుడు మట్టిముద్ద కేసి చూశాడు. గూటి వాకిట్లోంచి తొంగిచూస్తున్న ఆమె కేసి చూశాడు.

"ఆగండి" అన్నాడు. "మీరు బయటికి రండి. ఆ పైముడిలో ఒక పాత పోగు ఉంది. తొందరపడి నేనే పెట్టాను. మీకు తెలియకూడదని పైన మట్టి కొట్టిందీ నేనే."

కువకువలు ఠక్కున ఆగిపోయాయి. దూర్వ బయటికి వచ్చింది. వాడి మొహం కేసి చూసింది. పెళ్లిచూపుల్లో గిజిగాడి మొహం చూసిన పెళ్లికూతురు ఆ చెట్టు మీద ఆమే మొదలు. ఎగిరి అవతలి గట్టు మీది ఈతచెట్టు వైపు వెళ్లిపోయింది.

చెట్టు చెట్టంతా విరగబడి నవ్వింది. "మూడుసార్లు గుంజినా తెగనిదాన్ని నోటితో తెంచాడు చూడండి!" అన్నాడు వాచాలుడు. ఉడుతమ్మ వచ్చి పక్కన కూచుంది. వాడు ఆమెకి ఆనుకుని భోరుమన్నాడు.

"నేను చెప్పకుండా ఉండాల్సిందా అత్తా?"

"ఏమోరా నాయనా" అందామె, వాడి తల నిమురుతూ. "నువ్వు ఏడుస్తున్నావు, నాకూ ఏడుపొస్తోంది. కానీ నువ్వు చెప్పకపోయుంటే రేపటి నుంచి నీ మొహం చూడలేకపోయేదాన్ని."

ఆ మధ్యాహ్నమే పడమట నల్లగా కమ్ముకుంది. ఈదురుగాలి లేచింది. వాగు మీద గూళ్లన్నీ అటూ ఇటూ ఊగిపోయాయి. తల్లులు లోపల పిల్లల మీద రెక్కలు పరిచారు. తృణకుడి గూటి పైముడి మీద మట్టిముద్ద వానకి నానింది, కరిగింది, జారిపోయింది. పాత పోగు పటుక్కుమంది. గూటి బరువంతా మీద పడేసరికి పచ్చిగా కట్టిన రెండు పోగులూ ఒకదాని తర్వాత ఒకటి తెగాయి. ఆ చెట్టు పుట్టినప్పటి నుంచీ అలాంటి గూడు వేలాడలేదన్నానే, అది వాగులో పడి, రెండు గిరికీలు తిరిగి, కొట్టుకుపోయింది.

ఎవరూ నవ్వలేదు. ఖాళీ గూడు గనక సరిపోయింది. అందులో ఎవరున్నా ఏమయ్యేదో ప్రతి తల్లికీ తెలుసు. వాచాలుడు అంతటివాడు తొర్రలోకి వెళ్లి కూచున్నాడు.

గాలి తగ్గింది. వాన సన్నబడింది. ఈతచెట్టు వైపు నుంచి ఒక పక్షి తడుస్తూ ఎగిరొచ్చి, తృణకుడి బోసి కొమ్మ మీద వాలింది. దూర్వే. నోట్లో పొడవాటి పచ్చి పోగు, చెరుకు ఆకుని అప్పుడే చీల్చి తెచ్చినది. మూడు పొలాలూ దాటి వెళ్లి తెచ్చింది.

గిజిగాళ్లలో ఆడపక్షి గూడు చూస్తుంది, గూట్లో పరుపు వేస్తుంది. పైముడికి పోగు తేవడం మాత్రం తాతముత్తాతల కాలం నుంచీ లేదు. చెట్టు మీద ముసలమ్మలంతా ముక్కున వేలేసుకున్నారు. వేలు లేదు కాబట్టి రెక్క వేసుకున్నారు.

"గూడు పోయింది, చూశారుగా. నా దగ్గర ఇంకేమీ లేదు" అన్నాడు తృణకుడు తలొంచుకుని.

"చూశాను" అంది దూర్వ, పోగు కొమ్మ మీద పెట్టి. "ముడి గట్టిదో కాదో గుంజితే తెలుస్తుంది, అనుకునేదాన్ని. ఇవాళ గుంజినా తెలియలేదు. మీరు చెబితే తెలిసింది. నాకు గుంజి గుంజి విసుగొచ్చిందండీ. పదండి, మళ్లీ కడదాం. ఈ చివర నేను పట్టుకుంటాను."

"శ్రావణం అయిపోవస్తోంది కదా?"

"అయిపోనివ్వండి. వానలు ఇంకా ఉన్నాయి. ఏవండోయ్, ముడి వేశాక ఒక పూట ఆగాలి, గుర్తుందా?"

తృణకుడు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆగాడు. ఒక పూట కాదు, ఒక రోజంతా ఆగాడు. ముడి ఆరుతుంటే ఇద్దరూ పక్కపక్కన కూచుని దాన్నే చూశారు. ఉడుతమ్మ మధ్యలో వచ్చి, "ఆరిందా? ఆరిందా?" అని రెండుసార్లు అడిగితే, "తొందరేమిటత్తా" అన్నాడట మనవాడు!

ఆ గూట్లో మూడు గుడ్లు పెట్టారు. మూడూ పిల్లలయ్యాయి. ఆ ఏడు ఆఖరి గాలివాన కూడా వచ్చి వెళ్లింది. గూడు ఊగింది కానీ ముడి కదల్లేదు. రెక్కలొచ్చిన పిల్లల్ని తృణకుడు వరసగా కూచోబెట్టి పైముడి నేర్పేటప్పుడు, మట్టిముద్ద కథ ముందు చెప్పేవాడు, పోగు చీల్చడం తర్వాత నేర్పేవాడు. "సిగ్గులేదా నాన్నా, అది కూడా చెబుతావు?" అని పిల్లలు అడిగితే దూర్వ లోపలినుంచి నవ్వేది.

కాబట్టి పిల్లలూ, మన పనిలో లోపాన్ని మనమే ముందుగా ఒప్పుకుంటే, దాన్ని సరిదిద్దడానికి పక్కన ఒక తోడు నిలుస్తుంది. దాచిపెడితే మనల్ని నమ్మినవాళ్లే దానివల్ల నష్టపోతారు.