కవరు తీయని రెయిలింగు

విశ్వంభర గురువుగారికి ఒక అలవాటుంది. ప్రశ్న అడిగినవారికి జవాబు చెప్పరు, పని చెబుతారు. భీమిలి దాటాక సముద్రం ఒడ్డునున్న ఆ ఆశ్రమంలో ఏ పనీ ఆగకుండా సాగుతోందంటే, అదంతా శిష్యుల సందేహాల చలవే.

ఒకనాటి ఉదయం అప్పలనరసయ్య ఆయన ముందు కూర్చున్నాడు. "గురువుగారూ, పదిమందిలో తిరుగుతుంటే నా మనసు తుప్పు పడుతోంది. ఇవాళ కూడా ఉప్మా దగ్గర నూకరత్నంతో గొడవైంది. నాకు విడిగా ఒక గది ఇప్పించండి. తలుపేసుకుని నన్ను నేను కాపాడుకుంటాను. కాదంటే ఆశ్రమం వదిలి వెళ్లిపోతాను" అన్నాడు. గొంతులో నిజమైన దుఃఖమే ఉంది. నూకరత్నం వంటశాల చూసే శిష్యురాలు. గొడవలో గెలిచిందెవరో అడగక్కర్లేదు.

గురువుగారు సముద్రం వైపు చూసి, "మెట్ల రెయిలింగుకి కవరు తీసెయ్యి నాయనా" అన్నారు.

ముసలివాళ్లు స్నానానికి దిగే మెట్లవి. పాత ఇనప రెయిలింగు ఉప్పుగాలికి పొరలు పొరలుగా రాలిపోతే, నిరుడు స్టెయిన్‌లెస్ స్టీలుది వేయించారు. అది కొత్తగానే ఉండాలని అప్పలనరసయ్య దాని ప్లాస్టిక్ కవరు ఎవరినీ తీయనివ్వలేదు. టీవీ రిమోటును కవరుతోనే ముసలిదాన్ని చేసే మనకిది వింతేమీ కాదు. కింది సగానికి మాత్రం, తడి మెట్లు జారతాయని గట్టిగా పట్టుకుని దిగేవాళ్ల చేతుల్లో ఆ కవరు ఎప్పుడో చిరిగి పోయింది.

మిగిలినది ఒలిచిన అప్పలనరసయ్య నిర్ఘాంతపోయాడు. ఎండా వానా అలలూ తిన్న కింది సగం తళతళలాడుతోంది. భద్రంగా కప్పిన పై సగమంతా గోధుమరంగు మచ్చలు, వేలికి తగిలే సన్నని గుంటలు.

"నకిలీ సరుకు అంటగట్టారు గురువుగారూ!" అంటూ పరుగున వచ్చాడు.

వెనకే వచ్చిన నూకరత్నం, "అంతా ఒక్క కొట్టు సరుకే కదన్నయ్యా! మేం పట్టుకున్నదల్లా మెరిసిపోతంది, నువ్వు దాచిందే మచ్చలెక్కిందేటి?" అంది.

గురువుగారు నెమ్మదిగా చెప్పారు. "గాలి తగులుతుంటే ఆ స్టీలు తన రక్షణకు కంటికి కనపడని పొర ఒకటి తానే కట్టుకుంటుంది. గీత పడితే మళ్లీ కట్టుకుంటుంది. కవరు కిందికి ఉప్పునీరు చేరింది, గాలి చేరలేదు."

అప్పలనరసయ్య కాస్త బెరుగ్గా, "మరి... నా గది?" అన్నాడు.

"గదికేం, ఇవాళే తీసుకో" అన్నారు గురువుగారు. "తలుపు మాత్రం ఊడదీయించి ఇస్తాను."