గంగులెద్దు కారు కుంటిన రోజు

“...అందుకే చెప్తున్నా మామా, గేరుబాక్సు పోయింది. విప్పి పక్కన పడేద్దాం. లేదంటే ఈ బండిని కోళ్లగూడు చేసుకో.”

నక్క జంబులింగం బానెట్‌లోంచి తల బయటికి తీసి, చేతులు తోకకి తుడుచుకున్నాడు. అడవి అంచున ఉన్న ఆ మెకానిక్ షెడ్డు అతనిదే. ఎదురుగా గంగులెద్దు నిలబడి నెమరేస్తున్నాడు. గంగులు ఏదైనా నమిలి నమిలి గానీ మింగడు, మాటైనా సరే.

బళ్లు లాగే వయసు దాటాక గంగులు ఈ కారు కొన్నాడు. డెక్కతో క్లచ్ తొక్కడం కుదరదని, గేర్లు వాటంతటవే పడే ఆటోమేటిక్ తీసుకున్నాడు. కొండ కింద ఉన్నవాళ్లని ఘాటీ దారిలో పైకి ఎక్కించి దించడం అతని పని. ఈమధ్య గుంతలో పడితే చాలు, పసుపు లైటు వెలిగి బండి మూడో గేరులో బిగుసుకుపోతోంది. ఆ గేరుతో ఘాటీ ఎక్కదు.

ఎక్కాల్సిందేమో ఇవాళే. వెనక సీట్లో గొర్రె పోలమ్మ నిండు నెలలతో ఒగురుస్తోంది. మంత్రసాని కొండముచ్చు ఉండేది ఘాటీ పైన. పోయిన కాన్పులో అక్కడికి వేళకి చేరలేక పోలమ్మకి బిడ్డ దక్కలేదు.

“నీ డబ్బా ఏమందిరా?” అడిగాడు గంగులు. జంబులింగం దగ్గర స్టీరింగు కింద గుచ్చే డబ్బా ఒకటుంది, బండి జబ్బు అందులో కనిపిస్తుంది.

“గేరుబాక్సుకి పోయే లైన్లో కరెంటు సరిగ్గా లేదంది.”

“లైన్లో లేదందా, గేరుబాక్సు పోయిందందా?”

“రెండూ ఒకటే మామా! నువ్వు గడ్డి గురించి చెప్పు, వింటా. ఈ గేరుబాక్సు పనిచేస్తే నా తోక కోసి నీ బండికి దిష్టికి కడతాను!” అని, దించడానికి గొలుసు తెస్తానంటూ వెళ్లాడు.

గంగులు చూపు షెడ్డు వెనక్కి పోయింది. అక్కడ అచ్చం ఇలాంటి కారే ఒకటి రాళ్ల మీద నిలబెట్టి ఉంది. జంబులింగం సొంత బండి. కింద గేరుబాక్సు ఉండాల్సిన చోటు ఖాళీ.

“అన్నా, నేను నడిచే పోతాలే,” అంది పోలమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

“ఉండు చెల్లీ. నేను బండి లాగే రోజుల్లో కుంటితే మా ఆసామి ముందు డెక్క ఎత్తి చూసేవాడు, రాయేమైనా ఇరుక్కుందా అని. కాలు తీసెయ్యాలని ఎప్పుడూ అనలేదు. ఇదీ కుంటుతోంది, అంతే. నిజంగా చచ్చిందైతే అన్ని వేళలా చచ్చే ఉండాలి కదా? గుంతలోనే ఎందుకు చస్తుంది? నువ్వు ఆ పసుపు లైటు చూస్తూ ఉండు.”

ఇంజను ఆన్ చేసి, గేరుబాక్సుకి పోయే వైర్ల కట్టని కొమ్ము చివరతో మెల్లగా కదిపాడు.

“ఆరింది!” అరిచింది పోలమ్మ. “అయ్యో, వెలిగింది! మళ్లీ ఆరింది అన్నా!”

గంగులు ఇంజను ఆపి ప్లగ్గు ఊడదీశాడు. లోపల పిన్నులన్నీ పచ్చగా చిలుమెక్కాయి. సరిగ్గా పైన వైర్లకి వేలాడుతూ కుళ్లిన నిమ్మకాయ, నాలుగు మిరపకాయలు. పులుపంతా చుక్కచుక్కగా ప్లగ్గులోకి కారింది.

“నేనే కట్టాను,” అన్నాడు గంగులు నీరసంగా. “బండి ముందు కడితే ఎవరో తినేస్తున్నారని బానెట్‌లో దాచాను.”

పోలమ్మ తల దించుకుంది. “తిన్నది నేనే అన్నా. కడుపుతో ఉంటే పులుపు మీదకే మనసు పోతుంది...”

గంగులుకి నవ్వాగలేదు. నవ్వుతూనే నిమ్మకాయ తెంపేసి, తుమ్మముల్లుతో చిలుము గీకి, గుడ్డతో తుడిచి, ఆరాక ప్లగ్గు బిగించాడు. స్టార్ట్ చేస్తే పసుపు లైటు వెలగలేదు. చప్పున ఆపేసి ఏమీ ఎరగనట్టు నెమరు మొదలెట్టాడు.

జంబులింగం గొలుసు ఈడ్చుకుంటూ వచ్చాడు.

“సరే విప్పెయ్ రా,” అన్నాడు గంగులు. “కాకపోతే నా మనసు పీకుతోంది. ఇందాకటి మాట ఆ షెడ్డు మీద వాలిన కాకులకి కూడా వినబడేలా చెప్పు. ధైర్యంగా ఉంటుంది.”

జంబులింగం ఛాతీ విరిచి రేకుల మీద కాకుల వంక చూశాడు. “వినండర్రా! ఈ గేరుబాక్సు పనిచేస్తే నా తోక కోసి నీ బండికి దిష్టికి కడతాను!”

గంగులు తాళం తిప్పాడు. బండి ఒకటో గేరులో మెత్తగా కదిలి, గుంతలో దిగి లేచి, రెండు, మూడు, నాలుగు... షెడ్డు చుట్టూ తిరిగి వచ్చి జంబులింగం ముందు ఆగింది.

పోలమ్మ కిటికీలోంచి ముక్కు బయటపెట్టి అతని చెయ్యి వాసన చూసింది. “నీ చేతికి కుళ్లిన నిమ్మకాయ కంపు ఎక్కడిది తమ్ముడూ? చూసి కూడా నోరు మూసుకున్నావా?”

జంబులింగం గొలుసు అక్కడే వదిలేసి, తోక కాళ్ల మధ్య దాచుకుని పొదల్లో పడ్డాడు. కాకులు మాత్రం ఊరుకుంటాయా?

కుంటేవాడి డెక్క చూడకుండా కాలు తీసెయ్యమనేవాడి చేతికి కత్తి ఇవ్వకూడదు.

సాయంత్రానికి ఘాటీ దిగి వస్తుంటే పోలమ్మ ఒళ్లో తడి ఆరని పిల్ల. షెడ్డు దగ్గర జంబులింగం తోక మీద గోనెసంచి కప్పుకుని కూర్చున్నాడు. రేకుల మీద కాకులన్నీ ఒక్క గొంతుతో పాడుతున్నాయి: “ఈ గేరుబాక్సు పనిచేస్తే నా తోక కోసి నీ బండికి దిష్టికి కడతాను!”