నెత్తుటి ఏట్లో నూలి దారం

“నూలీ! ఓసే నూలీ! ఎక్కడున్నావే?”

ఒకప్పుడు, గాయమైతే నెత్తురు ఆగడమే తెలియని రోజుల్లో, బుట్టలల్లే గురవమ్మ ఒంట్లో అల్బుమిన్ అవ్వ ఇలా కేకలేస్తోంది. నెత్తుట్లోని నీరు బయటికి ఇంకిపోకుండా పట్టి ఉంచడం ఆ అవ్వ పని.

నూలి అంటే నెత్తుట్లో ఉండే ఫైబ్రినోజన్ అనే ప్రొటీన్. తనకు తోచినప్పుడల్లా దారం తీసేది. ఆ దారం దేనికో ఆమెకే తెలీదు.

“ఇక్కడే ఉన్నానవ్వా.”

“గురవమ్మ వేళ్లు నీలంగా మారాయి. దారికడ్డంగా ఎవరో దారం కట్టారు. ఎవరే?”

నూలి తల దించుకుంది. ఆమె మనసంతా ఎర్రయ్య మీదే. ఎర్రయ్య అంటే హిమోగ్లోబిన్. ఊపిరిని ఎత్తుకుని వేలి కొసలదాకా మోసేవాడు. ఊపిరి ఎత్తుకున్నప్పుడు మోదుగుపువ్వులా మెరిసేవాడు.

“ఒక్క క్షణం ఆగు మావా,” అని నూలి ఎన్నిసార్లు బతిమాలిందో!

“నేనాగితే గురవమ్మ ఆగిపోద్ది పిల్లా!” అని నవ్వుతూ సాగిపోయేవాడు.

అవ్వకు ఇదంతా చెప్పాలనుకుంది నూలి.

అంతలో నెత్తుటి ఏరంతా అదిరింది. తిమ్మిరెక్కిన చేతిలో కత్తి జారి, చీల్చాల్సిన వెదురును వదిలి గురవమ్మ అరచేతిని చీల్చింది.

“అమ్మా, నెత్తురు ఆగట్లేదే!” బయట ఆమె కూతురు సీతాలు ఏడుస్తోంది.

ఏరు ఆ చీలికలోంచి దూకిపోతోంది. కావలికాసే గ్లోబులిన్ బాబాయి, లోపలికి దూరే క్రిములను కర్రతో తరుముతున్నాడు. “ఇంక పట్టలేనర్రా, నీరంతా పోతోంది!” అని అవ్వ వగరుస్తోంది. ఎర్రయ్య కూడా కొట్టుకుపోతున్నాడు.

నూలి గాయంలోకి దూకింది. ఒంట్లో ఉన్న దారమంతా తీసి, ఈ అంచు నుంచి ఆ అంచుకు వల పన్నింది. ఎర్రయ్య, అతనితోటివాళ్లు వందలమంది అందులో చిక్కుకున్నారు. వల బిగిసింది. నెత్తురు ఆగింది. గురవమ్మ బతికింది.

ఎర్రయ్య మాత్రం వల పైఅంచున గాలికి ఎండిపోతున్నాడు. అతని ఎరుపు నల్లబడుతోంది.

“ఇంత మంచి దారమే! మరి వేళ్ల దగ్గర కట్టిందెవరు పిల్లా?” అన్నాడు మెల్లగా.

నూలి అందరూ వినేలా చెప్పింది. “నేనే మావా. నువ్వు ఆగితే నీ పక్కన కాసేపు కూర్చోవాలనుకున్నా. గురవమ్మ చెయ్యి తెగింది నా వల్లే.”

ఎర్రయ్య కోప్పడలేదు. నవ్వనూ లేదు.

నూలి తనే వెళ్లి వేళ్ల దగ్గరి దారం విప్పింది. ఇక ఎవరినీ దారిలో ఆపనని అవ్వ చేతిలో చెయ్యేసి, నీళ్లలో కరిగి కనపడకుండా పోయింది.

అప్పటినుంచే నెత్తురు లోపల ఉన్నంతసేపూ ఏరులా పారుతుంది. చర్మం తెగిన చోట మాత్రం నూలి మళ్లీ దారమై లేస్తుంది, నెత్తురు గడ్డకడుతుంది. అక్కడ నల్లటి పక్కు కట్టి, కింద కొత్త చర్మం వచ్చేదాకా ఆమె ఎర్రయ్యను వదలదు.