మేడిపువ్వు ఎందుకు కనపడదు?

ఒకప్పుడు మేడిచెట్టు కూడా అన్ని చెట్లలాగే కొమ్మల చివర, అందరికీ కనపడేలా పూలు పూసేది. కానీ అవేం పూలు! గసగసాలంత ఉండేవి. రంగు లేదు, వాసన లేదు.

పక్కనే మోదుగచెట్టు. అది పూసిందంటే అడవంతా ఎర్రగా వెలిగిపోయేది. దాని దగ్గరికి రోజూ వచ్చే తేనెటీగ ఒకసారి దారి తప్పి మేడిపువ్వు మీద వాలింది.

"అయ్యో, ఇది పువ్వా? నేను దుమ్మనుకున్నానే!" అని కాళ్ళు దులుపుకుని ఎగిరిపోయింది.

మోదుగ పకపకా నవ్వింది. అది నవ్విందని అడవంతా నవ్వింది. మేడికి తల కొట్టేసినట్టయింది.

ఆ తర్వాత ఒక్క తేనెటీగ కూడా మేడి వైపు రాలేదు. ఈగలు రాకపోతే కాయ కాస్తుందా? పూలన్నీ ఊరికే రాలిపోయేవి. కాయలేని చెట్టు మీద పిట్ట వాలదు, ఉడత ఎక్కదు. మేడి ఒంటరిదైపోయింది.

సిగ్గుతో అది తన పూలన్నిటినీ చిన్న చిన్న గుప్పిళ్ళలో ముడిచి, మొదలుకి అంటించి దాచేసుకుంది. అప్పుడు ఏడుస్తూ దేవుణ్ణి పిలిచింది.

"స్వామీ, నన్నందరూ వెలేశారు. నువ్వూ వదిలేస్తే నాకింకెవరున్నారు? ఒక్క కాయ కాయనీ."

"ఏడవకు తల్లీ, సాయం పంపిస్తాను. తలుపు మాత్రం తీసి ఉంచు," అన్నాడు దేవుడు.

మేడి ప్రతి గుప్పిటికీ సూదిమొనంత సందు ఉంచింది. బంగారు రెక్కల సీతాకోకచిలుకే వస్తుందేమో, మోదుగ కుళ్ళుకుంటుందేమో అని ఒకటే సంబరం.

అంతలో వాన మొదలైంది. ఆ వానలో తడిసి ముద్దయి, ఒక చిన్న రెక్కల పురుగు వచ్చి వాలింది.

"మేడక్కా, కాస్త చోటివ్వవా? కడుపులో గుడ్లున్నాయి. మోదుగ తరిమేసింది. ఏ పువ్వూ రానివ్వలేదు."

"నువ్వెవరే? నేను దుమ్మనుకున్నానే!" అంది మేడి. "ఛీ, పో! దేవుడు పంపినవాళ్ళు వచ్చే వేళయింది. నా ఇంట్లో పురుగుందంటే ఇంకా నవ్వుతారు."

పురుగు "సరేలే అక్కా," అని కిందికి దిగి, ఓ రాలిన ఆకు చాటుకి పోయింది.

చాలాసేపు చూసి చూసి మేడికి కోపమొచ్చింది. "స్వామీ, పంపిస్తానన్నావు, ఎవరూ రాలేదేం?"

"పంపానే. నీ ఆకు కింద వణుకుతోంది చూడు," అన్నాడు దేవుడు.

మేడి కిందికి చూసింది. తేనెటీగ అన్న మాట, అక్షరం పొల్లుపోకుండా తన నోటే వచ్చింది! ఆ మాట ఎంత నొప్పెడుతుందో దానికి తెలియదా? తెలిసీ అంది. అప్పటిదాకా తన పూలను చూసుకుని సిగ్గుపడింది. ఇప్పుడు తనను తాను చూసుకుని సిగ్గుతో చచ్చిపోయింది.

"చెల్లీ, తప్పయిపోయిందే! లోపలికి రా," అని బతిమాలింది.

పురుగు వచ్చింది. ఆ ఇరుకు సందులో దూరుతుంటే పాపం, దాని రెక్కలు ఊడిపోయాయి.

"అయ్యో, ఇక ఎగరలేవు కదే!" అంది మేడి.

"చోటు దొరికింది కదక్కా, ఇంకెక్కడికి ఎగరాలి?" అంటూ పురుగు గుడ్లు పెట్టడానికి పువ్వు పువ్వూ తిరిగింది. తిరుగుతుంటే దాని ఒంటికి అంటిన పుప్పొడి ప్రతి పువ్వుకీ అంటింది.

ఆ గుడ్లలోంచి రెక్కలతో వచ్చిన పిల్లలు మిగతా గుప్పిళ్ళలోకి దూరాయి. కొన్నాళ్ళకి ఆ గుప్పిళ్ళే పండి, మేడి మొదలు నిండా గుత్తులు గుత్తులుగా ఎర్రటి పళ్ళు! పిట్టలొచ్చాయి, ఉడతలొచ్చాయి, కోతులు కొట్టుకున్నాయి.

"ఏమే, పువ్వు కనపడకుండా పండెలా పండిందే?" అని మోదుగ ముక్కున వేలేసుకుంది.

గొప్పలు పోవడానికి మేడికి అదే సమయం. కానీ పోలేదు. వానలో తను తరిమిన చెల్లి గుర్తొచ్చి తల వంచుకుంది.

అప్పటినుంచే మేడిపువ్వు ఎవరికీ కనపడదు. ప్రతి మేడికాయ కొసన చిన్న సందు ఉంటుంది, లోపల పురుగు ఉంటుంది. పండు విప్పినప్పుడు పురుగు కనిపిస్తే ఛీ అనకండర్రా. ఆ మాట మేడి ఒకసారి అని, ఇప్పటికీ సిగ్గుపడుతూనే ఉంది.