పైడమ్మ కాల్చిన మట్టి బిళ్ళలు

దగ్గరికి జరుగు బంగారం, దుప్పటి కప్పుకో. అనగనగా ఎర్రమట్టి నేల మీద ఒక ఊరు. ఆ ఊళ్ళో పైడమ్మ అని ఒక కుమ్మరావిడ ఉండేది. భర్త లేడు. కూతురు నూకాలు, ఇంకా పాలు మరవని చంటికొడుకు. అంతే ఆమె సంసారం.

ఒక ఏడు ఆ ఊరికి విషజ్వరం వచ్చింది. ముందు గొల్లవీధికి వచ్చింది. ఆ తర్వాత నేతవీధికి. ఆ తర్వాత కుమ్మరివీధికి.

అప్పుడు వైద్యుడు ఇంటింటికీ మాత్రలిచ్చాడు. "ఘాటు మందమ్మా. పెద్దవాళ్ళకి మాత్ర మొత్తం, పిల్లలకి సగం, చంటివాళ్ళకి నాలుగో వంతే" అని చెప్పి వెళ్ళాడు.

చంటివాడి ఒళ్ళు కాలిపోతోంది. పైడమ్మ మట్టికి వెళ్ళకపోతే ఆ పూట పొయ్యి వెలగదు. అందుకని మాత్ర నూకాలు చేతిలో పెట్టింది. "తమ్ముడికి నాలుగో వంతు తేనెలో రంగరించి పట్టు తల్లీ" అని చెప్పి గంప ఎత్తుకుంది.

నూకాలుకి సగం అంటే తెలుసు. నాలుగో వంతు అంటే తెలీదు. రెండు కంటే నాలుగు పెద్దది కదా, సగం కంటే ఎక్కువే ఇవ్వాలి కాబోలు అనుకుంది. ఓ పలుకు గిల్లి పక్కన పెట్టి, మిగతాదంతా రంగరించి పట్టేసింది. పిల్లవాడు నిద్రపోయాడు. ఇక లేవలేదు.

పైడమ్మ వచ్చి చూసింది. సానరాయి పక్కన మిగిలిన పలుకూ చూసింది. అంతా అర్థమైంది. ఆ పలుకు పొయ్యిలో పారేసి, "జ్వరమే తీసుకుపోయిందే" అంటూ కూతుర్ని గుండెకి అదుముకుని ఏడ్చింది.

ఆ తర్వాత ఆమె కంటి మీద కునుకు లేదు. ప్రతి ఇంట్లో అవే మాత్రలు. ప్రతి ఇంట్లో చంటివాళ్ళని చూసేది నూకాలు లాంటి పిల్లలే. చెబితే తన బిడ్డకి సంగతి తెలిసిపోతుంది. చెప్పకపోతే ఇంకో ఉయ్యాల ఖాళీ అవుతుంది.

అప్పుడు మట్టి పిసికింది. రొట్టె అంత బిళ్ళలు చేసింది. ఒకటి మొత్తంగా ఉంచింది. ఒకటి రెండు ముక్కలు కోసింది. ఒకటి నాలుగు ముక్కలు కోసింది. మొదటిసారి ఎండకి బీటలిచ్చాయి. మళ్ళీ చేస్తే ఆవంలో కాల్చేటప్పుడు పగిలాయి. మూడోసారి నిలిచాయి.

వీధిలో పిల్లల్ని పిలిచి అరుగు మీద కూర్చోబెట్టింది. "ఎంత ఎక్కువ ముక్కలు చేస్తే ముక్క అంత చిన్నదవుతుంది. చేత్తో పట్టుకుని చూడండి" అంది. పిల్లలు సగం ముక్క మీద నాలుగో వంతు పెట్టి చూశారు. నూకాలు కూడా పెట్టింది. దాని మొహం పాలిపోయింది.

"అమ్మా, నేను తమ్ముడికి ఎక్కువ పట్టానా?"

పైడమ్మ ఇక అబద్ధం ఆడలేకపోయింది. "పట్టావు తల్లీ. నీకు చూపించకుండా చేతిలో పెట్టి పోయింది నేను. ఆ తప్పు నాది. నీది కాదు."

నూకాలు ముక్కలు అక్కడే వదిలేసి ఇంట్లోకి పరిగెత్తింది. చాలా రోజులు అరుగు మీదికి రాలేదు. జ్వరం ఇంకా కొందరిని తీసుకుపోయింది కానీ, మందు వికటించి మాత్రం మరే చంటిబిడ్డా పోలేదు.

ఆ తర్వాత ఒక పొద్దున పైడమ్మ లేచేసరికి కూతురు మట్టిముద్ద ముందు కూర్చుని ఉంది. పక్కవీధి పిల్లల కోసం బిళ్ళలు చేస్తోంది. వెక్కి వెక్కి ఏడుస్తూనే, ముక్కలు హెచ్చుతగ్గులు రాకుండా కోస్తోంది. పైడమ్మ దాని కళ్ళు తుడవలేదు, ఊరుకోమనలేదు. వెళ్ళి పక్కన కూర్చుని మట్టి అందించింది.

కథేమో కంచి దారి పట్టింది,
మా బంగారం కన్నేమో నిద్ర దారి పట్టింది.