బడి తాటాకులు

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త అచ్చియ్యమ్మ. ఒక్క మాట మార్చి చెప్పే మనిషి కాదు.

పూర్వం ఓ ఊళ్ళో బడి కప్పుకని ఇంటింటివాళ్ళూ తాటాకులిచ్చారు. పెత్తనం జోగినాయుడిది. "నా దగ్గరుంటే భద్రం" అని వాటితో తన గొడ్లపాక కప్పించుకున్నాడు. వానలొచ్చాయి. పిల్లలు తడిసి, బడి మూతపడేలా ఉంది.

కుమ్మరి నూకాలు పంతులుతో సహా పిల్లల్నందర్నీ ఆ పాకలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. వాళ్ళు ఎక్కాలెత్తుకున్న కేకలకి గేదెలు బెదిరి పాలు చేపలేదు.

"ఏమే, ఇది బడనుకున్నావా?" అని లేచాడు నాయుడు.

"బడి ఆకులు మీ దగ్గర భద్రమన్నారు కద బాబూ! మరి బడి పిల్లల్ని ఇంకెక్కడ దాచమంటారు?"

ఊరంతా చూస్తోంది. సాయంత్రానికి ఆకులు బడెక్కాయి. ఆపైన ఎవరేమిచ్చినా బడి ముందే, అందరి ఎదుటే దింపేవారు.

ఇప్పటికీ ఆ కప్పు తమ తాత దానమని నాయుడి వంశంవాళ్ళు బడి గోడ మీద రాయించుకున్నది అలాగే ఉంది. చదువుకున్నవాళ్ళెవరైనా వెళ్ళి, అది చెరిపి, నూకాలు పేరు రాయండి.