అసిరమ్మ గడప

ఊఁ కొట్టేవాళ్లు ఇటు రండి, నిద్రొచ్చేవాళ్లు అటు జరగండి. మధ్యలో లేచి వెళ్లిపోయి, తర్వాతేమైందని రేపు పొద్దున నన్ను పీక్కు తింటే మాత్రం చెప్పను.

అనగనగా ఒక ఊరు. ఊరికి వెనక కొండ, ముందు ఏరు, రెంటికీ నడుమ పల్లం. పల్లం నిండా తుంగ, తుంగ నిండా కొంగలు. ఏరు పొంగితే ఆ నీళ్లన్నీ వచ్చి పల్లంలో కూర్చునేవి. కొన్నాళ్లు కూర్చుని, మెల్లగా ఇంకిపోయేవి. ఇళ్లన్నీ కొండవార ఉండేవి కాబట్టి ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

ఆ ఊళ్లో అసిరమ్మ అని ఒక ముసలామె. పల్లంలో తుంగ కోసుకొచ్చి చాపలు అల్లి అమ్ముకునేది. మొగుడు పోయాడు. ఒక్కడే కొడుకు, దాలయ్య. ఉన్నది ఒకటే గది. కొడుకూ కోడలూ లోపల, ముసలిది బయట అరుగు మీద.

ఊరు పెరిగింది. పెరగదూ మరి, పిల్లల్ని కంటూ పోతే! కొండవార జాగా అయిపోయింది. అందరి కళ్లూ పల్లం మీద పడ్డాయి.

మొదట గానుగ సన్యాసి వచ్చాడు, పల్లంలో ఇల్లు కట్టుకుంటానని. ఆ ఊళ్లో ఎవరు గోడ లేపాలన్నా పదిమందీ చావడిలో కూర్చుని సరే అనాలి, అదీ కట్టుబాటు. సగంమంది కట్టుకోమన్నారు, సగంమంది మునిగిపోతావన్నారు. తగువు ముదిరింది. రోజూ పల్లంలో తిరిగేదానివి, నువ్వు చెప్పవే అని అసిరమ్మని పిలిచారు.

"నాకు తెలీదు. మీకూ తెలీదు. ఏటికి తెలుసు, దాన్నే అడుగుదాం" అందామె.

ఎలా అడగాలో కూడా చెప్పింది. గోడలొద్దు, కప్పొద్దు. ఉత్త ద్వారబంధం ఒక్కటి పల్లంలో నిలబెట్టండి. గడపకు పసుపు రాయండి. ఒక వానాకాలం ఆగండి. ఏరూ మనిషీ, ఇద్దరిలో ఎవరు ముందు గడప దాటితే ఆ జాగా వాళ్లది. జనం నవ్వారు గానీ, పోయేదేముందిలే అని ఒప్పుకున్నారు.

గడపకు పసుపు రాశారు. ఒక వానాకాలం ఆగారు. ఏరొచ్చి గడప దాటింది. సన్యాసి ద్వారబంధం పీక్కుని, కిక్కురుమనకుండా కొండ మీదికి పోయాడు.

రెండోసారి ఊరిపెద్ద బావమరిది వచ్చాడు. నాకూ పరీక్షేనా అని మీసం దువ్వాడు. వాడిది టేకు ద్వారబంధం, దానికి చెక్కిన చిలకలు. గడపకు పసుపు రాశారు. ఒక వానాకాలం ఆగారు. ఏటికి టేకయితే ఏమిటి, తుమ్మయితే ఏమిటి? గడప దాటింది. చిలకలకి ముక్కుల దాకా నీళ్లు.

మూడోసారి దాలయ్య వచ్చాడు. ఒక్క గదిలో ఎన్నాళ్లని, పల్లంలో నాకూ ఇంత జాగా ఇవ్వండని అడిగాడు. ఊరిపెద్దకి అసిరమ్మంటే మంచి గురి. నీ కొడుక్కి పరీక్ష వద్దులే అన్నాడు.

"ఊరందరి ఇళ్లకీ ఏరు చెప్పాలి, నా కొడుకు ఇంటికి మాత్రం మీరు చెబుతారా?" అందామె.

తనే వెళ్లి గడపకు పసుపు రాసింది. ఒక వానాకాలం ఆగారు. ఆ ఏడు చినుకు పడలేదు. ఏట్లో ఇసుక తప్ప ఏమీ లేదు. రాసిన పసుపు రాసినట్టే ఉంది. దాలయ్య గంతులేశాడు. అనుకున్న గడువు అయిపోయింది కదా, కట్టుకోమని చావడిలో కూడా అనేశారు.

అసిరమ్మ ఒప్పుకోలేదు. "మనం అడగడానికి పోయిన ఏడు ఏరు ఇంట్లో లేదురా. లేనివాళ్లు సరే అన్నారంటే ఎలా? ఇంకొక్క వాన చూడు."

అప్పటికే కోడలికి నెల తప్పింది. తల్లిలేని పిల్ల, పురుడు ఇక్కడే పోయాలి. దాలయ్యకి ఒళ్లు మండిపోయింది. ఊరికి న్యాయం చెప్పే సరదాకి కన్నకొడుకు నోట్లో మట్టి కొడతావా అన్నాడు. ఆ రోజు నించి తల్లితో మాట మానేశాడు. ముసలిదానికి ఎంత కష్టంగా ఉండేదో ఏం చెప్పను. చాప అల్లుతూ ఏడ్చేది. తడిసిన చాప ఎవరు కొంటారే అని కోడలు కసిరేది, కసిరి తనూ ఏడ్చేది.

దాలయ్య రాళ్లు తోలించాడు. పునాదికి ముహూర్తం పెట్టించాడు. ఇంతలో ఎండలు ముదిరి అసిరమ్మకి జ్వరం తగిలింది. మూడు రోజులు మూలిగి, కొడుకుని పిలిచింది.

"కట్టుకోరా నాయనా. ఇంక నేను అడ్డం రాను" అంది.

వాడు అప్పుడు కూడా నోరు విప్పలేదు, మొండివెధవ. ఆ సాయంత్రమే ఆమె కన్నుమూసింది.

అడ్డం రానన్న మనిషే అడ్డం పడింది చూడండి. తల్లి పోయాక సంవత్సరీకం వెళ్లేదాకా కొత్తిల్లు మొదలుపెట్టకూడదు కదా! పురోహితుడు వద్దన్నాడు, ఊరిపెద్ద వద్దన్నాడు, మేనమామ వద్దన్నాడు. దాలయ్య రాళ్లకుప్ప చూసుకుంటూ పళ్లు నూరుకున్నాడు. ఖాళీ పడిన అరుగుకి తడికలు కట్టి, భార్యకి అక్కడే పురుడు పోయించాడు. ఆడపిల్ల.

భాద్రపదంలో వాన పట్టుకుంది. మూడు పగళ్లు, మూడు రాత్రులు. నాలుగోనాడు తెల్లారాక దాలయ్య బిడ్డనెత్తుకుని బయటికొచ్చి చూశాడు. ఏరు గడప దాటింది. ద్వారబంధానికి పైన కమ్మీ ఒక్కటే కనిపిస్తోంది. రాళ్లకుప్ప జాడ లేదు. వచ్చిన నీళ్లన్నీ పల్లమే తాగింది, కొండవార ఒక్క ఇంటి అరుగు కూడా తడవలేదు. పల్లం నిండా ఇళ్లే ఉంటే ఆ నీళ్లు ఎక్కడికి పోయేవి? ఊరి మీదికే కదా.

చేతిలో పిల్లని చూసుకున్నాడు. ముహూర్తానికి పునాది తీసుంటే ఈ పిల్ల నిన్న రాత్రి అక్కడ పడుకునేది.

"అమ్మా, ఒక్క మాటయినా మాట్లాడలేదే నీతో" అని చంటిది బెదిరిపోయేలా ఏడ్చాడు. ఏం లాభం? వినడానికి ఆమె ఏది?

ఆ తర్వాత చావడిలో కట్టుబాటు మార్చారు. ఒక వానాకాలం చాలదు, ఏరు నిండుగా పారిన ఏడు చూడాలి, ఎన్నేళ్లు పట్టినా సరే. ఇప్పటికీ ఆ ఏటివార ఊళ్లలో ఎంత పెద్దమనిషి వచ్చి పల్లంలో ఇల్లు కడతానన్నా, అసిరమ్మ గడప పెట్టావా అనే ముందు అడుగుతారు.

ఇంకొకటి కూడా ఉంది. అక్కడి తల్లులు కొడుకులతో ఎంత పోట్లాడినా, ఇంక అడ్డం రాను అన్న మాట మాత్రం నోటంట రానివ్వరు. పొరపాటున ఎప్పుడైనా జారిందనుకోండి, కొడుకు చేతిలో పార అక్కడే పడేస్తాడు. వచ్చి తల్లి పక్కన కూర్చుని, ఏదో ఒకటి మాట్లాడతాడు.